పల్లెలో ఎప్పుడో పోయిన పెద్దల మరణ ధ్రువీకరణ పత్రం: ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ తాతగారిది నాగాయలంక దగ్గర ఊరు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత వచ్చిన శివరాత్రికి కొద్ది రోజుల ముందు పోయారు. పొలం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పించుకోవడానికి వెళ్తే మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు. గ్రామ సచివాలయంలో అడిగితే కంప్యూటర్‌లో చూసి "ఆన్‌లైన్‌లో లేదండి" అని పంపేశారు. బయట ఒకాయన డబ్బులిస్తే వారంలో తెచ్చిపెడతానన్నాడు. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం రికార్డుల మధ్యే గడిచింది, ఇప్పటికీ తెలిసినవాళ్లకు ఇలాంటివి చూసి పెడుతూనే ఉంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, మీలాగే వెతుక్కుంటున్న మిగతావాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఆ బయటి మనిషి సంగతి. దయచేసి ఆ జోలికి వెళ్లకండి. రిజిస్టర్‌లో లేని పేరుకి ఎవరైనా సర్టిఫికెట్ తెచ్చిచ్చారంటే అది దొంగ కాగితమే. ఈ రోజు పని అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ, రేపు అన్నదమ్ముల పిల్లల్లో ఎవరో ఒకరు కోర్టుకి వెళ్లి ఆ కాగితం అసలు రిజిస్టర్ తెప్పించమంటే మీ పొలం మొత్తం చిక్కుల్లో పడుతుంది, పైగా కేసు మీ మీదకే వస్తుంది. సరైన దారి కొంచెం ఆలస్యమే, కానీ ఉంది.

రెండోది, "ఆన్‌లైన్‌లో లేదు" అన్న మాటకి కంగారు పడొద్దు. కంప్యూటర్‌లోకి ఎక్కింది ఈమధ్య కాలపు నమోదులే ఎక్కువ. 1970ల నాటి పల్లెటూరి మరణాల రిజిస్టర్లు చాలా చోట్ల ఇప్పటికీ కాగితం మీదే, గుడ్డలో చుట్టి కట్టిన కట్టల్లోనే ఉన్నాయి. కంప్యూటర్‌లో లేకపోవడం వేరు, రిజిస్టర్‌లో లేకపోవడం వేరు. రిజిస్టర్ తీసి పేజీలు తిప్పి చూశాకే "లేదు" అనే మాట చెల్లుతుంది, ఆ మాట కూడా నోటితో కాదు, కాగితం మీద రావాలి. జనన మరణాల రిజిస్టర్లు శాశ్వత రికార్డులు. ఇన్నేళ్లు దాటాయి కాబట్టి చింపేశాం అనడానికి నిబంధనల్లో వీల్లేదు. పంచాయతీ దగ్గర ఏడాది పాటు ఉంచి, తర్వాత పై ఆఫీసులో భద్రపరచాలి. కాబట్టి ఇంత పాతది సచివాలయంలో లేకపోవడంలో వింతేమీ లేదు, అది ఉండాల్సిన చోటు వేరే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ప్రశ్నలో మధ్యలో ఒక ముక్క రాశారు, మీరు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ నాకు అదే ముఖ్యంగా కనిపించింది. ఉప్పెనలో ఇల్లు పోయాక తాతగారిని గుడివాడ పక్కన మేనత్తగారి ఊరికి తీసుకెళ్లారన్నారు. మరి ఆయన పోయింది ఎక్కడండీ? మేనత్తగారి ఇంట్లోనే అయితే మీరు నాగాయలంక వైపు ఎన్నాళ్లు వెతికినా దొరకదు. మరణం నమోదయ్యేది సొంతూళ్లో కాదు, ప్రాణం పోయిన ఊళ్లో. దహనం ఎక్కడ చేశారు, కర్మ ఎక్కడ చేశారు, రేషన్ కార్డు ఎక్కడుంది అన్నవాటితో సంబంధం లేదు. పల్లెటూరి మనిషి గుంటూరు పెద్దాసుపత్రిలో పోతే గుంటూరు కార్పొరేషన్‌లో, హైదరాబాద్‌లో పోతే అక్కడి మున్సిపల్ కార్పొరేషన్‌లో నమోదవుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తుంటే దారిలో పోయారనుకోండి, బండి మొదట ఎక్కడ ఆగిందో ఆ చోటు లెక్కలోకి వస్తుంది. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. పెద్దవయసులో కూతురి దగ్గరో, పుట్టింటి దగ్గరో పోయినవాళ్లు ఎంతోమంది, వాళ్ల కోసం అత్తగారి ఊరి రిజిస్టర్లు తిప్పుతూ ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను.

అందుకని ఆఫీసుకి మళ్లీ వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి రెండు సంగతులు తేల్చుకోండి, ఎక్కడ పోయారు, ఎప్పుడు పోయారు. పేరు చెప్తే ఎవరూ వెతికి ఇవ్వలేరు, ఎందుకంటే ఆ రిజిస్టర్లలో పేర్ల పట్టిక ఉండదు. వచ్చినవి వచ్చినట్టు వరుస నంబర్‌తో రాసుకుంటూ పోతారు, జనవరిలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఊరు, నెల తెలిస్తే పది నిమిషాల పని. తెలియకపోతే ఏ గుమస్తా అయినా మీ కోసం అయిదేళ్ల కట్టలు విప్పడు.

తారీకు ఎవరికీ గుర్తుండదు, నిజమే. కానీ మన ఇళ్లలో తిథి గుర్తుంటుంది. మీ నాన్నగారు ఏటా మాఘ బహుళ పంచమి నాడు తద్దినం పెడతారని రాశారు కదా, దాంతోనే సగం పని అయిపోయింది. ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న, అది పింగళ నామ సంవత్సరం. ఆ తర్వాత వచ్చిన మాఘమాసం 1978 ఫిబ్రవరి రెండో వారంలో మొదలైంది, శివరాత్రి మార్చి 7న వచ్చింది. పౌర్ణమి ఫిబ్రవరి 23 కాబట్టి బహుళ పంచమి అంటే ఫిబ్రవరి ఆఖరి రోజులు. పాత పంచాంగం దొరికితే తారీకు కూడా తేలిపోతుంది, మీ పురోహితుణ్ణి అడిగితే ఆయనే చెప్తారు. ఏడాది తెలియనివాళ్లు సంవత్సరం పేరు గుర్తుందేమో అడగండి. రాక్షస అంటే 1975 ఉగాది నుంచి 1976 ఉగాది వరకు, తర్వాత నల, పింగళ, కాళయుక్తి, అలా 1987లో ప్రభవతో మళ్లీ మొదటికి వస్తుంది. అదీ గుర్తులేకపోతే పుష్కరాలతో అడగండి. గోదావరి పుష్కరాలు 1979లో, 1991లో, 2003లో. కృష్ణకి వాటి మరుసటి ఏడాదే, 1980, 1992, 2004. "కృష్ణ పుష్కరాలకి మీ తాత ఉన్నాడా?" అని అడిగితే మామ్మలు టక్కున చెప్తారు. ఎమర్జెన్సీకి ముందా తర్వాతా, రామారావు ముఖ్యమంత్రి అయ్యాడా లేదా, ఇందిరాగాంధీ పోయిన ఏడాదా, పెద్దమ్మాయి పెళ్లికి ఉన్నారా, ఇవన్నీ పనికొస్తాయి.

ఇంకో మాట. "మా వాళ్లు అప్పట్లో నమోదు చేయించలేదండీ" అని మీరు ఖాయంగా రాశారు. ఇది చాలామంది అనుకునేదే గానీ, నమ్మి వదిలేయకండి. ఆ రోజుల్లో ఇంటివాళ్లు వెళ్లి చెప్పకపోయినా ఊళ్లో చావు సంగతి ఊరి కబుర్లు చేరవేసే తలారి ద్వారా ఊరి అధికారి అయిన గ్రామ మునసబుకి తెలిసేది, మునసబు తన పుస్తకంలో రాసుకునేవాడు, నెలనెలా తాలూకాఫీసుకి లెక్క పంపేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ ఆంధ్ర ప్రాంతంలో ఇది ఉన్న పద్ధతే, కలరా, మశూచి లాంటివి ఎక్కడ పాకుతున్నాయో తెలుసుకోవడానికి సర్కారుకి ఆ లెక్క కావాలి. 1969 చట్టం మన రాష్ట్రాల్లో అమల్లోకి వచ్చాక కూడా పల్లెల్లో రాసింది అదే మనుషులు. కాబట్టి కుటుంబానికి తెలియకుండానే నమోదైన చావులు చాలా ఉన్నాయి. కాకపోతే తలారి చెప్పిన పేరు కాబట్టి ఊళ్లో పిలిచే పేరే రాసి ఉంటుంది. పట్టాలో వెంకట సుబ్బారావు అని ఉన్న మనిషి అక్కడ ఉత్త సుబ్బయ్య. వయసు కూడా ఉజ్జాయింపుగా అరవై, డెబ్బై అని వేసేసి ఉంటారు. ఇంటిపేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

మేనత్తగారి ఊళ్లో ఇది ఇంకా ఎక్కువ. అక్కడ మీ తాతగారు పొరుగూరి మనిషి. "ఫలానావారి మామగారు" అని రాసినా రాసి ఉండొచ్చు, లేదా ఇంటిపేరు దగ్గర మీ మావయ్యగారి ఇంటిపేరు పడి ఉండొచ్చు. అందుకని రిజిస్టర్ చూసేటప్పుడు మీ ఇంటిపేరు ఒక్కదాన్నే పట్టుకుని తిప్పకండి, మేనత్తగారి ఇంటిపేరు, మావయ్యగారి పేరు కూడా మనసులో పెట్టుకోండి. తెలియజేసినవారి పేరు, సంతకం లేదా వేలిముద్ర ఉండే గడి ఒకటి ఉంటుంది, దాన్ని తప్పకుండా చదవండి. చాలాసార్లు మనిషిని గుర్తుపట్టేది ఆ గడిలోని పేరుతోనే.

ఇక ఏ ఆఫీసు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు రద్దు చేసింది. ఆ అప్పగింతల్లో కొన్ని ఊళ్ల పుస్తకాలు సరిగ్గా చేతులు మారలేదు, కొన్ని పాత మునసబుల ఇళ్లలోనే ఉండిపోయాయి. మరుసటి ఏడాది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక్కో తాలూకా కొన్ని ముక్కలైంది, రికార్డులు మాత్రం అన్ని చోట్లా అంత శుభ్రంగా పంచుకోలేదు. అందుకే మీ మేనత్తగారి ఊరు ఇప్పుడు ఏ మండలమో ఆ తహసీల్దార్ ఆఫీసులో ముందు అడగండి, అక్కడ లేకపోతే పాత తాలూకా కేంద్రమైన గుడివాడ తహసీల్దార్ ఆఫీసులో. నాగాయలంక వైపు కూడా ఓసారి చూడాలనుకుంటే అది అప్పట్లో అవనిగడ్డ కేంద్రంగా ఉన్న దివి తాలూకా. జిల్లాలు కూడా మారాయని మర్చిపోవద్దు, ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో, తెలంగాణలో 2016 దసరాకి. మేనత్తగారి ఊరు కైకలూరు వైపు అయి ఉంటే అది 2022లో ఏలూరు జిల్లా కిందకి వచ్చింది, పాత కాగితాల్లో మాత్రం కృష్ణా జిల్లా అనే ఉంటుంది. దరఖాస్తులో రెండూ రాయండి, ఇప్పటి మండలం, నాటి తాలూకా. ఈ చిన్న పని చేయనందుకే సగం దరఖాస్తులు "మాకు సంబంధం లేదు" అని వెనక్కి వస్తాయి.

నోటిమాటగా అడగొద్దు, కాగితం రాసి ఇవ్వండి. నేనైతే ఇలా రాయిస్తాను: "మా తాతగారు ఫలానా, తండ్రి ఫలానా, వయసు సుమారు డెబ్బై ఏళ్లు, 1978 ఫిబ్రవరి చివరి వారంలో నాటి గుడివాడ తాలూకా, నేటి ఫలానా మండలం, ఫలానా గ్రామంలో మా మేనత్తగారి ఇంట్లో మరణించారు. జనన మరణాల నమోదు చట్టం 1969, సెక్షన్ 17 ప్రకారం సదరు గ్రామ మరణాల రిజిస్టర్‌ను 1978 ఫిబ్రవరి నుంచి 1979 మార్చి వరకు వెతికించి, నమోదు ఉంటే ధ్రువీకరణ పత్రం, లేనిపక్షంలో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ ఇప్పించగలరు." అంతే. కథంతా అక్కర్లేదు. ఆ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టర్‌లో వెతికించమని అడగొచ్చు, వారసుడివేనా అని రుజువులు తెమ్మనడానికి చట్టంలో షరతు లేదు. సంబంధం చూపించే కాగితం ఒకటి జతచేస్తే పని తేలికవుతుంది గానీ. ఫీజు వెతికే సంవత్సరాల లెక్కన ఉంటుంది, పెద్ద మొత్తమేమీ కాదు. దరఖాస్తు ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబర్, తారీకు, సీలు వేయించుకున్న కాపీ లేకుండా ఆఫీసు గుమ్మం దాటకండి. ఈ ఒక్క మాట మాత్రం ఎవరికైనా సరే గట్టిగా చెప్తాను, రేపు మీకు అడిగే హక్కు ఇచ్చేది ఆ నంబరే.

1979 మార్చి దాకా ఎందుకు అంటే, రిజిస్టర్‌లో వరుస నడిచేది చనిపోయిన తారీకుతో కాదు, రాసిన తారీకుతో. ఫిబ్రవరిలో పోయిన మనిషి పేరు ఏప్రిల్ పేజీలో ఉండొచ్చు. డిసెంబర్‌లో పోయినవాళ్ల పేరు మరుసటి ఏడాది పుస్తకంలో ఉండొచ్చు. ఆ ఏడాదిది తిప్పి లేదని మూసేసి, పక్కనే ఉన్న తర్వాతి పుస్తకం తీయకపోవడం చాలా మామూలుగా జరుగుతుంది. వీలైతే వెతికే రోజున మీరే దగ్గరుండండి, మర్యాదగా అడిగితే చాలామంది ఉద్యోగులు కూర్చోబెట్టి చూపిస్తారు. గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దమనిషి ఒకరిని వెంట తీసుకెళ్లండి, ఈ తరం పిల్లలకి ఆ రాత అందదు, కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్లకీ అందదు. వాళ్ల తప్పు కాదు, ఎవరూ నేర్పలేదు. పేజీ కనపడితే ఫోన్‌తో ఫొటోకి అనుమతి అడగండి, వీల్లేదంటే పుస్తకం సంవత్సరం, గ్రామం, వరుస నంబర్, నమోదు తారీకు చీటీ మీద రాసుకోండి. ఇవి నాలుగూ ఉంటే సర్టిఫికెట్ ఎవరు కూర్చున్నా ఇవ్వగలరు.

కట్టలు ఎక్కడున్నాయో ఏ ఆఫీసూ తేల్చి చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. అందులో "మా తాతగారి సర్టిఫికెట్ ఇవ్వండి" అని అడగకూడదు, దానికి వేరే దారి ఉంది కాబట్టి తోసిపుచ్చుతారు. "ఫలానా గ్రామానికి సంబంధించి 1978, 1979 మరణాల రిజిస్టర్లు మీ ఆఫీసులో ఉన్నాయా, లేకపోతే ఏ ఆఫీసుకి, ఏ తారీకున అప్పగించారు, ఆ అప్పగింత కాగితం నకలు ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, వేరే ఆఫీసు దగ్గరుంటే వాళ్లే అటు పంపాలి. ఈ ప్రశ్న వెళ్లిందంటే ఎవరో ఒకరు లేచి బీరువా తెరవక తప్పదు.

సరే, అన్నీ చూశాక నిజంగానే లేదనుకుందాం. పుస్తకం ఏ వరదలోనో తడిసి పోయి ఉండొచ్చు, చెదలు తిని ఉండొచ్చు, అసలు రాయకే పోయి ఉండొచ్చు. అప్పుడు మీ చేతికి రావాల్సింది నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్. దీన్ని చూసి జనం నీరసపడిపోతారు, "లేదు అన్న కాగితం మాకెందుకు" అంటారు. ముందుకు వెళ్లాలంటే మొదటి మెట్టు అదే. ఏడాది దాటిన మరణాన్ని కొత్తగా నమోదు చేయాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. చట్టంలో ఇదివరకు ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ అని ఉండేది, 2023 సవరణ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాక జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్, లేదా జిల్లా మెజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ అని మారింది. మన దగ్గర మామూలుగా ఇది ఆర్డీవో (రెవెన్యూ డివిజన్ అధికారి) ఆఫీసు నుంచి వస్తుంది. మీసేవలోనో సచివాలయంలోనో లేట్ రిజిస్ట్రేషన్ అని దరఖాస్తు పెడితే తహసీల్దార్ దగ్గరికి వెళ్తుంది, కిందివాళ్లు ఊళ్లో విచారణ చేసి పెద్దమనుషుల వాంగ్మూలాలు రాసుకుంటారు, రిపోర్టు ఆర్డీవోకి వెళ్తుంది, ఆయన ఉత్తర్వు ఇస్తే ఆ మరణం జరిగిన ఊరి రిజిస్ట్రారు ఆలస్యపు రుసుము కట్టించుకుని నమోదు చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడ కూడా మరణం జరిగిన ఊరే. ఆయన పోయింది మేనత్తగారి ఊళ్లోనే అయితే విచారణ అక్కడే జరగాలి, నాగాయలంకలో కాదు. పని తొందరగా అవుతుందని సొంతూళ్లోనే పోయినట్టు రాయించేవాళ్లున్నారు, అలా చేయకండి, అబద్ధపు సమాచారం ఇవ్వడం చట్టప్రకారం నేరం.

ఈ విచారణ గట్టిగా నిలబడాలంటే మనుషుల మాటతో పాటు ఆనాటి కాగితం ఏదో ఒకటి కావాలి. ఇంట్లో ట్రంకుపెట్టె దించండి. ఆయన పోయారని బంధువులకి రాసిన కార్డుముక్క మీద పోస్టాఫీసు ముద్ర తారీకుతో సహా ఉంటుంది, అది చిన్న సాక్ష్యం కాదు. దినం కార్డు అచ్చు వేయించి ఉంటే ఇంకా మంచిది. సహకార సంఘంలో ఆయన పేరు మీద అప్పు ఉండి, తర్వాత మీ నాన్నగారి పేరు మీదకి మారి ఉంటే ఆ లెడ్జర్ నకలు అడగండి. ఏటా సాగు వివరాలు రాసే అడంగల్‌లో సాగుదారు గడిలో ఆయన పేరు పోయి కొడుకుల పేర్లు ఏ ఫసలీలో (రెవెన్యూ సంవత్సరంలో) వచ్చాయో చూడండి, ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, 1387 ఫసలీ అంటే 1977 జూలై నుంచి 1978 జూన్ వరకు. ఎల్ఐసీ కాగితాలు, పింఛను పుస్తకం, పాత ఓటర్ల జాబితాలు, సమాధి ఉంటే దాని మీద రాత, క్రైస్తవ కుటుంబాలైతే చర్చి సమాధుల రిజిస్టర్, ముస్లిం కుటుంబాలైతే మసీదు కమిటీ పుస్తకం, ఇవన్నీ అడగదగ్గవే. కాశీకో గయకో వెళ్లి పిండాలు పెట్టి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో మీ వంశం పేర్లు ఉండొచ్చు. చట్టం దృష్టిలో అది చావు రుజువు కాదు గానీ, ఏ ఏడాదికి ఆయన లేరో తేల్చుకోవడానికి పనికొస్తుంది. అన్నిటికంటే ముందు, మేనత్తగారి ఊళ్లో ఆ రోజు పాడె మోసినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా బతికి ఉంటే వాళ్ల వాంగ్మూలం నోటరీ దగ్గర ఇప్పుడే రాయించేయండి. కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి, ఎనభై ఏళ్ల మనిషి ఆగుతారని అనుకోవడానికి లేదు.

తెలంగాణ వైపు నుంచి చదువుతున్నవాళ్లకి కొంచెం తేడా ఉంది. అక్కడ ఊళ్లో జనన మరణాలు రాసింది పోలీస్ పటేల్, భూమి లెక్కలు పట్వారీ. నిజాం కాలపు కాగితాలైతే ఉర్దూలో ఉంటాయి, ఉర్దూ చదవగలిగినవాళ్లు లేకుండా వెళ్తే ప్రయోజనం లేదు. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ ఏడాది అక్టోబర్ మొదట్లో మొదలయ్యేది, ఆంధ్ర ప్రాంతంలోలా జూలైలో కాదు, అందుకని తారీకు మార్చుకునేటప్పుడు చూసుకోండి. పాత మరణానికి కాగితం అస్సలు దొరకనప్పుడు భూమి రికార్డులో విరాసత్ (వారసుల పేర్ల మీదకి మార్పు) ఎప్పుడు జరిగిందో, అక్కడి అడంగల్ అయిన పహాణీలో పట్టాదారు పేరు ఏ ఏడాది మారిందో చూడటం అక్కడ బాగా ఉపయోగపడుతుంది.

గల్ఫ్‌లో పోయినవాళ్ల గురించి కూడా తరచుగా అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను. మరణం అక్కడే జరిగింది, అక్కడి ప్రభుత్వమే సర్టిఫికెట్ ఇస్తుంది, మన రాయబార కార్యాలయంలోనూ నమోదవుతుంది. శవం ఊరికి వచ్చింది కదా అని పంచాయతీలో మళ్లీ నమోదు చేయించడం కుదరదు. ఆ కాగితాలే జాగ్రత్తగా పెట్టుకోండి.

బావిలో పడటం, పాము కరవడం, పిడుగు, రోడ్డు ప్రమాదం, ఇలా అసహజంగా పోయినవాళ్ల విషయంలో పోలీస్ స్టేషన్‌ని మర్చిపోవద్దు. శవ పంచనామా రాసి ఉంటారు, పోస్ట్‌మార్టం జరిగి ఉంటే ఆసుపత్రిలో రిపోర్టు ఉంటుంది, పంచాయతీ పుస్తకం పోయినా అవి దొరికిన సందర్భాలు నాకు తెలుసు.

ఉప్పెనలో కొట్టుకుపోయి శవమే దొరకనివాళ్లది మాత్రం నిజంగా బాధాకరమైన సంగతి. దివిసీమలో అలాంటి కుటుంబాలు ఎన్నో. పేరు అప్పటి జాబితాల్లోకి ఎక్కి, సహాయం అందుకున్న కాగితం ఏదైనా ఇంట్లో ఉంటే అది బంగారం లాంటిది, పారేయకండి. ఏమీ లేకపోతే ఏడేళ్లుగా ఎవరికీ ఆచూకీ తెలియని మనిషి బతికే ఉన్నాడని చెప్పేవాళ్లే రుజువు చేసుకోవాలన్న సూత్రం మీద సివిల్ కోర్టుకి వెళ్లాలి. పాత ఎవిడెన్స్ చట్టంలో అది సెక్షన్ 108, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 111. దీనికి లాయర్ కావాల్సిందే, ఆఫీసుల చుట్టూ తిరిగితే అవదు.

అమెరికా ఇమిగ్రేషన్ ఫైలు కోసం పాత సర్టిఫికెట్ వెతికేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అసలు పత్రం దొరకనప్పుడు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దాంతోపాటు ఇతర కాగితాలు, విషయం స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు వాళ్లు పరిశీలిస్తారు. కాబట్టి ఊళ్లో "లేదు" అన్నారని అక్కడితో ఆగిపోకుండా ఆ "లేదు" అన్నదాన్నే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

మళ్లీ మీ సంగతికి. సర్టిఫికెట్ చేతికొచ్చాక అందులో మరణానికి కారణం ఉండదు, లేదేమిటని కంగారు పడకండి, నకళ్లలో కారణం రాయకూడదని ఆ సెక్షన్ 17 లోనే ఉంది. పేరు మాత్రం అక్కడికక్కడే పొలం కాగితంతో పోల్చి చూసుకోండి. రిజిస్టర్‌లో సుబ్బయ్య, 1-బీలో (పొలం హక్కుల రికార్డులో) వెంకట సుబ్బారావు అని ఉంటే మ్యుటేషన్ దగ్గర మళ్లీ ఆపేస్తారు. సవరణకి సెక్షన్ 15 కింద రిజిస్ట్రారుకే దరఖాస్తు పెట్టాలి, లేదా ఇద్దరూ ఒకరేనని తహసీల్దార్ విచారణలో తేల్చాలి. రెండోదే చాలాసార్లు తొందరగా అవుతుంది. అలాగే మరణ ధ్రువీకరణ పత్రం ఒక్కటే మ్యుటేషన్‌కి సరిపోదు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కూడా అడుగుతారు, దాంట్లో మీ మేనత్తగారి పేరు, ఆవిడ లేకపోతే ఆవిడ పిల్లల పేర్లు తప్పకుండా ఉండాలి. వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి విషయం చెప్పండి. ఎలాగూ తాతగారు ఆఖరి రోజులు గడిపింది వాళ్లింట్లోనే కాబట్టి ఆ ఊళ్లో సాక్షుల్ని చూపించాల్సింది కూడా వాళ్లే.

ముందు మేనత్తగారి ఊరి 1978 పుస్తకం చూసి ఏం కనిపించిందో ఇక్కడే రాయండి. పేజీ చదవడం కష్టమైతే పేర్లు, ఊరు కనపడకుండా ఆ రాతవరకు ఫొటో పెట్టండి, నేను చదివి చెప్తాను.